మా నాన్నకు హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 6.4 వచ్చింది: పొలం మట్టిలోని పురుగుల వల్ల ఇంత రక్తం పోతుందా?

ఆనందపురం_అబ్బాయి
శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాన్నకు 52 ఏళ్ళు. ఆనందపురం దగ్గర మాకు ఎకరంన్నర ఉంది. బంతి, చామంతి, వంగ, బెండ, ఆనప వేస్తాం. పూలు, కూరలు అన్నీ వైజాగ్‌కే వస్తాయి. నేను గాజువాకలో ఉద్యోగం చేస్తూ సెలవు దొరికినప్పుడు ఊరికి వెళ్తుంటాను.

మొన్న వేసవి నుంచి నాన్న నీరసం అంటున్నారు. పొద్దున దిగితే మధ్యాహ్నం దాకా నడుం ఎత్తని మనిషి, ఇప్పుడు రెండు సాళ్ళు కలుపు తీసి గట్టు మీద కూర్చుండిపోతున్నారు. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఊళ్ళో చూపిస్తే "వయసు మీద పడుతోంది" అని సెలైన్ ఎక్కించి, బలానికి టానిక్ రాశారు. ఈ వారం పట్టుబట్టి సిటీకి తీసుకొచ్చి పరీక్షలు చేయించాను. హెచ్‌బీ 6.4, ఎంసీవీ (ఎర్ర కణాల సైజు) 61, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) 5, ఇసినోఫిల్స్ (పురుగులు, అలర్జీ ఉంటే పెరిగే తెల్ల కణాలు) 14 శాతం. మల పరీక్ష రిపోర్టులో "కొంకి పురుగు (హుక్‌వార్మ్) గుడ్లు ఉన్నాయి" అని రాశారు.

నాన్నకు మందు అలవాటు లేదు, ఇంట్లో తిండికి లోటు లేదు. పురుగుల మాత్రలు బడి పిల్లలకు వేస్తారని తెలుసు గానీ పెద్దవాళ్ళకు ఈ సమస్య ఉంటుందని ఎప్పుడూ వినలేదు. నిజంగా పురుగులు ఇంత రక్తం తాగేస్తాయా? ఇంట్లో అందరికీ మాత్ర వేయాలా? నయమయ్యాక మళ్ళీ అదే మట్టిలోకి దిగాలి కదా, అప్పుడు ఏం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.


జీడితోట
శనివారం, రాత్రి 9:52

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. తొలకరి పడ్డాక నాన్నగారికి కాలివేళ్ళ సందుల్లో దురదలు, చిన్న చిన్న ఎర్రటి పొక్కులు వచ్చేవా? మాది భీమిలి వైపు. జీడి, సరుగుడు తోటల్లో పనిచేసేవాళ్ళకు వానలు మొదలవగానే ఆ దురద మామూలు. అందరం నీళ్ళలో నాని పాచిందనుకుంటాం, కొబ్బరినూనె, పసుపు రాసుకుంటాం, వారంలో పోతుంది. అది పురుగు లోపలికి దూరిన గుర్తు కూడా కావచ్చని మా వైపు హెల్త్ క్యాంపులో ఒక డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.


ఆనందపురం_అబ్బాయి
శనివారం, రాత్రి 10:05

అవునన్నా. ఏటా వస్తుంది. అమ్మకు కూడా వస్తుంది. చేతివేళ్ళ మధ్య కూడా.


పరీక్షనాళిక
శనివారం, రాత్రి 10:40

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. "ఇంత రక్తం పోతుందా" అని అడిగారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

మనుషులకు పట్టే కొంకి పురుగుల్లో రెండు జాతులు ముఖ్యం. నెకేటర్ అమెరికానస్ ఒకటి, అంకైలోస్టోమా డుయోడినేల్ ఇంకొకటి. పొడవు ఒక సెంటీమీటరు అటూ ఇటూ, దారపు ముక్కంత సన్నం. చిన్నపేగు గోడను నోటితో కరిచి పట్టుకుంటాయి. నెకేటర్ ఒక్కోటి రోజుకు సుమారు 0.03 మి.లీ. రక్తం పోగొడుతుంది. అంకైలోస్టోమా అయితే దానికి ఐదారు రెట్లు, 0.15 నుంచి 0.2 మి.లీ. దాకా.

ఒక మనిషి పేగులో 200 నెకేటర్ పురుగులు ఉన్నాయనుకుందాం. రోజుకు 6 మి.లీ. చెంచాడు. నెలకు 180 మి.లీ. రక్తదానంలో ఒకసారి తీసుకునేది 350 మి.లీ. అంటే రెండు నెలలకోసారి ఈ మనిషి రక్తం ఇచ్చేస్తున్నాడు, తనకు తెలియకుండా, ఏళ్ళ తరబడి.

ఇనుము వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం ఒక మి.లీ.లో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. 6 మి.లీ. పోతే 3 మిల్లీగ్రాములు. అందులో కొంత పేగు మళ్ళీ పీల్చుకుంటుంది, నిజమే. కానీ మనం తినే తిండి నుంచి రోజుకు ఒంటికి పట్టేదే ఒకటి, రెండు మిల్లీగ్రాములు. వచ్చేదానికంటే పోయేది ఎక్కువైతే ముందు నిల్వలు ఖాళీ అవుతాయి. ఫెరిటిన్ 5 అంటే అదే, గాదె అడుగంటింది. తర్వాత ఎర్ర కణాలు చిన్నవైపోతాయి, ఎంసీవీ 61 అందుకే. హెచ్‌బీ పడిపోవడం ఆఖరి మెట్టు. ఇదంతా మెల్లగా జరుగుతుంది కాబట్టి ఒళ్ళు అలవాటు పడిపోతుంది. మా దగ్గరికి హెచ్‌బీ 5తో నడుచుకుంటూ వచ్చే రైతులు ఉన్నారు.

మలంలో ఎర్రగా రక్తం ఎందుకు కనపడదని చాలామంది అడుగుతారు. రక్తం పోయేది చిన్నపేగు పైభాగంలో. కింది దాకా వచ్చేసరికి జీర్ణమైపోతుంది. పురుగులు కూడా ఏలిక పాముల్లా బయటపడవు. సూక్ష్మదర్శినిలో గుడ్లు కనిపిస్తేనే తెలిసేది.


కొండకింద_డాక్టర్
ఆదివారం, ఉదయం 7:15

సింహాచలం వైపు ప్రాక్టీసు చేస్తున్న ఫిజిషియన్‌ని. ఇక్కడ రాసేది సమాచారం మాత్రమే. చికిత్స ఎదురుగా చూసే డాక్టరే చేయాలి.

బాబూ, మొదటి మాట. హెచ్‌బీ 6.4, ఆయాసం, కాళ్ళ వాపు, ఈ మూడూ కలిసి ఉన్నాయి కాబట్టి సోమవారం దాకా ఆగకుండా ఈరోజే ఆసుపత్రిలో చూపించండి. కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రక్తం పలచబడితే గుండె రెట్టింపు పనిచేయాలి. కాళ్ళ వాపు గుండె అలసిపోవడం వల్ల కావచ్చు, రక్తంతో పాటు ప్రొటీన్ పోవడం వల్లా కావచ్చు. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది ఆయన్ను చూసి నిర్ణయిస్తారు. ఎక్కించినా చాలా మెల్లగా ఎక్కిస్తారు. ఇలాంటి మనిషికి నీరసమని సెలైన్ పెట్టడం నాకు బాధ కలిగించే విషయం. ఆ సీసాలో ఉండేది ఉప్పునీరు. అందులో ఇనుము లేదు, రక్తం లేదు, పైగా అలసిన గుండె మీద ఇంకాస్త బరువు.

రెండో మాట. ఈ పురుగు లోపలికి ఎలా వస్తుందో ఇంటిల్లిపాదికీ తెలియాలి. పురుగు ఉన్న మనిషి ఆరుబయట మల విసర్జన చేస్తే గుడ్లు మట్టిలో పడతాయి. ఒక ఆడ నెకేటర్ రోజుకు సుమారు 10 వేల గుడ్లు పెడుతుంది, అంకైలోస్టోమా 25 వేలకు పైనే. వెచ్చగా, తడిగా, నీడగా ఉన్న మట్టిలో ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి లార్వా బయటికొస్తుంది. 5 నుంచి 10 రోజుల్లో అది చర్మాన్ని చీల్చుకుని దూరే స్థాయికి ఎదుగుతుంది. అనుకూలంగా ఉంటే మూడు నాలుగు వారాలు అలాగే కాచుకుని ఉంటుంది. ఒట్టి కాలు తగిలితే చాలు. చర్మంలోంచి రక్తనాళాల్లోకి, అక్కణ్ణుంచి గుండెకు, ఊపిరితిత్తులకు పోతుంది. ఊపిరితిత్తుల నుంచి గొంతులోకి పాకుతుంది, మనం గుటక వేస్తే పేగులోకి దిగుతుంది. కొంతమందికి ఆ దశలో పొడి దగ్గు వస్తుంది. పేగులో పెద్ద పురుగై గుడ్లు పెట్టడానికి ఐదారు వారాలు పడుతుంది. నెకేటర్ మూణ్ణాలుగేళ్ళు, అంతకు మించి కూడా బతకగలదు.

పురుగు కడుపు నిండడానికి తాగేది ఒక ఎత్తు. కరిచిన చోట రక్తం గడ్డకట్టకుండా ఒక పదార్థం వదులుతుంది. అది చోటు మార్చుకున్నాక కూడా పాత గాయం కారుతూనే ఉంటుంది. చిన్న పురుగుకు ఇంత నష్టం అందువల్లే.

మూడో మాట, దయచేసి దీన్ని దాటేయకండి. గుడ్లు కనిపించాయి కదా అని అక్కడితో వెతకడం ఆపకూడదు. 50 దాటిన మగవాళ్ళలో ఇనుము ఇంతగా తగ్గితే కడుపులో పుండు ఉందా, పెద్దపేగులో గడ్డ ఉందా, మొలలు ఉన్నాయా చూడాలి. నాన్నగారు ఒళ్ళు నొప్పులకు మాత్రలు వాడతారా? డైక్లోఫినాక్ లాంటివి షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే రైతులు, కూలీలు మన దగ్గర ఎక్కువ. వాటి వల్ల కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. ఎండోస్కోపీ అవసరమా అని అక్కడి డాక్టరును అడగండి.


ఆనందపురం_అబ్బాయి
ఆదివారం, ఉదయం 7:40

బయలుదేరుతున్నాం సార్. నొప్పి మాత్రలు వాడతారు, నడుం నొప్పికి. ఆ విషయం నేను అసలు ఆలోచించలేదు, అక్కడ చెబుతాను. ధన్యవాదాలు.


వేపాకు
ఆదివారం, ఉదయం 11:05

మా చిన్నప్పుడు అమావాస్యకు ఒకసారి వేపాకు రసం, ఆముదం పట్టించేవారు. బొప్పాయి గింజలు నూరి తేనెతో ఇచ్చేవారు. కడుపు శుభ్రమైపోయేది. ఇప్పుడు ప్రతిదానికీ మాత్రలేనా? మునగాకు, బెల్లం, చోడంబలి (రాగి అంబలి) రోజూ తీసుకుంటే రక్తం అదే పడుతుందని మా పెద్దవాళ్ళ మాట.


కొండకింద_డాక్టర్
ఆదివారం, మధ్యాహ్నం 1:30

మునగాకు, తోటకూర, చోళ్ళు మంచివే, రోజూ తినమనే చెబుతాను. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే, ఒక ఉసిరికాయ తింటే ఇనుము ఇంకా బాగా ఒంటికి పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే ఆ ఇనుము సగానికి పైగా వృథా అవుతుంది, టీకి గంటన్నా ఎడం ఉండాలి. మాంసం, చేప, కాలేయం తినేవాళ్ళకు ఇనుము సులువుగా అందుతుంది.

కానీ పురుగులు పేగును పట్టుకుని ఉన్నంతకాలం ఎంత మంచి తిండి పెట్టినా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. ఆముదంతో విరేచనాలు అవుతాయి గానీ పేగు గోడను కరిచి పట్టుకున్న పురుగు ఊడి రాదు. హెచ్‌బీ 6 ఉన్న మనిషికి విరేచనాలు చేయించడం ప్రమాదం కూడా. అల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర. కొంకి పురుగు ఉన్న పది మందికి ఇస్తే ఏడెనిమిది మందిలో గుడ్లు కనిపించకుండా పోతాయి. మిగతావాళ్ళలోనూ పురుగుల సంఖ్య బాగా తగ్గుతుంది. మెబెండజోల్ ఒక్క డోసుగా ఇస్తే కొంకి పురుగు మీద అంతగా పనిచేయదు, అందుకే దాన్ని మూడు రోజులు ఇస్తారు. ఎక్కువ పురుగులు ఉన్నాయనిపిస్తే అల్బెండజోల్ కూడా మూడు రోజులు రాయడం ఉంది. రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ మల పరీక్ష చేయించాలి. ఇది పూర్తిచేసేవాళ్ళు చాలా తక్కువ.


వేపాకు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

సరే డాక్టరు గారూ. మాత్ర వేసుకుని, దాంతోపాటు మునగాకు తినమంటారు. అలాగైతే నాకు అభ్యంతరం లేదు. మా పాలేరు కూడా ఈమధ్య ఇలాగే పాలిపోయి ఉన్నాడు. రేపే పరీక్షకు పంపిస్తాను.


ఆశా_పెందుర్తి
ఆదివారం, సాయంత్రం 6:20

నేను ఆశా కార్యకర్తను. ఆ తమ్ముడు అడిగిన ప్రశ్న, "పిల్లలకే కదా వేస్తారు" అన్నది, నాకు గుచ్చుకుంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం చేస్తాం. 2015లో మొదలైంది. ఏడాది నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు అల్బెండజోల్. రెండేళ్ళ లోపు పిల్లలకు సగం మాత్ర, ఆపైన పూర్తి మాత్ర, నమిలి మింగాలి. ఆ రోజు రానివాళ్ళకు తర్వాత ఇంకో రోజు పెట్టి వేస్తాం. గర్భిణులకు మొదటి మూడు నెలలు దాటాక ఇస్తారు. వాళ్ళకు ఐరన్ మాత్రలు కూడా ఉంటాయి, 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, రోజుకొకటి, 180 రోజులు.

మరి ఆ పిల్లల నాన్న? తాత? 45 ఏళ్ళ కూలి మనిషి? రోజూ మట్టిలో ఉండేది వాళ్ళే. తేయాకు తోటల కూలీలు, గని కార్మికుల్లాంటి పనులు చేసే పెద్దవాళ్ళకు కూడా క్రమం తప్పకుండా మందు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట, మా మెడికల్ ఆఫీసరు ట్రైనింగులో చెప్పారు. మా ఊళ్ళో మాత్రం అడిగినవాళ్ళకే అందుతుంది, అడగాలని ఎవరికీ తెలియదు. మగవాళ్ళయితే "నాకేం రోగం" అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి, మగవాళ్ళలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. నలుగురు మగాళ్ళలో ఒకరు. అయినా "రక్తం తక్కువ" అంటే ఆడవాళ్ళ జబ్బనే అనుకుంటారు.

ఇంకో గుర్తు చెబుతాను. పచ్చి బియ్యం, బలపాలు, గోడ మట్టి తినాలనిపిస్తోందని ఆడవాళ్ళు సిగ్గుపడుతూ చెబుతారు. ఇంట్లో తిడతారు. అది చెడ్డ అలవాటు కాదమ్మా, ఇనుము తక్కువైనవాళ్ళకు అలా అనిపిస్తుంది. తిట్టకుండా పరీక్షకు తీసుకెళ్ళండి. కింది కనురెప్ప లాగి చూసినా తెలుస్తుంది, నాలుక చూసినా తెలుస్తుంది, పాలిపోయి ఉంటాయి. గోళ్ళు చెంచాలా గుంట పడితే చాలా రోజుల నుంచి ఉన్నట్టు.


ఎంవీపీ_అమ్మ
ఆదివారం, రాత్రి 8:00

ఒక అనుమానం. మేము రైతుబజారులో కొనే ఆకుకూరల వల్ల ఈ పురుగు మాకు వస్తుందా? బీచ్‌లో పిల్లలు ఇసకలో ఆడతారు, దాని సంగతేమిటి?


పరీక్షనాళిక
ఆదివారం, రాత్రి 8:35

అక్కా, కొంకి పురుగు ప్రధానంగా చర్మం గుండానే వస్తుంది. అంకైలోస్టోమా లార్వా నోటి ద్వారా కూడా రాగలదు గానీ అది తక్కువ. ఆకుకూరలతో ఎక్కువ భయం ఏలిక పాముల గుడ్లది. పారే నీళ్ళలో రెండు మూడుసార్లు కడిగి, బాగా ఉడికిస్తే చాలు. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ ఇంకాస్త శ్రద్ధగా కడగండి.

కుక్కలు, పిల్లులు తిరిగే ఇసకలో వాటి కొంకి పురుగులు ఉండొచ్చు. అవి మన చర్మంలోకి దూరినా అక్కడే దారి తప్పి, చర్మం కింద గీత గీసినట్టు ఎర్రగా పాకుతాయి. విపరీతమైన దురద. డాక్టరుకు చూపిస్తే మందుతో తగ్గుతుంది. దానివల్ల ఈ రకం రక్తహీనత రాదు.


పాడేరు_మాస్టారు
సోమవారం, ఉదయం 6:50

ఏజెన్సీ నుంచి ఒక మాట. ఇక్కడ కాఫీ తోటల్లో, పసుపు చేలల్లో పని. నేల ఎప్పుడూ తడి, పైన చెట్ల నీడ, కాళ్ళకు చెప్పులు ఉండవు. పైన డాక్టరు గారు చెప్పిన పరిస్థితులన్నీ ఇక్కడ ఉన్నాయి. కానీ మా దగ్గర పాలిపోయిన ప్రతి మనిషికీ పురుగులే కారణం అనుకుంటే పొరపాటు. గిరిజనుల్లో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉంది. మలేరియా ఉంది. దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులైలో మొదలయ్యాక బడికి కూడా వచ్చి పిల్లల రక్తం పరీక్షిస్తున్నారు. కీళ్ళ నొప్పులు, మాటిమాటికీ జ్వరం, కళ్ళు పచ్చబడటం ఉంటే ఆ పరీక్ష తప్పక చేయించాలి. ఒకే బిడ్డకు రెండూ ఉండవచ్చు కూడా.


కొండకింద_డాక్టర్
సోమవారం, ఉదయం 7:30

మాస్టారు చాలా అవసరమైన మాట చెప్పారు. సికిల్ సెల్‌లో ఎర్ర కణాలు విరిగిపోవడం వల్ల రక్తం తగ్గుతుంది, ఇనుము లోపం వల్ల కాదు. పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో ఇనుము ఎక్కువగా కూడా ఉంటుంది. ఫెరిటిన్ చూడకుండా నెలల తరబడి ఐరన్ మింగించడం వాళ్ళకు మంచిది కాదు. తలసీమియా (ఇంకో వంశపారంపర్య రక్త జబ్బు) వాహకుల్లో కూడా ఎంసీవీ తక్కువే ఉంటుంది. అందుకే ఒక్క హెచ్‌బీ అంకె చూసి మందు రాయకూడదు.


పాతపుస్తకం
సోమవారం, రాత్రి 9:15

ఈ పురుగు చరిత్ర మొదలైందే ఒక రైతు మనిషితో. 1838లో ఇటలీలోని మిలాన్‌లో చనిపోయిన ఒక పల్లె రైతు స్త్రీ పేగులో ఏంజెలో డుబిని అనే వైద్యుడు దీన్ని మొదటిసారి గుర్తించాడు. దీనికి రక్తహీనతతో సంబంధం ఉందని లోకం నమ్మడానికి ఇంకో 40 ఏళ్ళు పట్టింది. 1880 ప్రాంతంలో ఆల్ప్స్ పర్వతాల్లో గొత్తార్డ్ రైలు సొరంగం తవ్వుతున్న కూలీలు వరసగా పాలిపోయి పడిపోతుంటే, వాళ్ళ పేగుల్లో ఈ పురుగులు ఉన్నాయని పెరొంచితో అనే శాస్త్రవేత్త చూపించాడు. సొరంగంలో వెచ్చదనం, తడి, వందల మంది కూలీలు, మరుగుదొడ్డి లేదు.

చర్మం గుండా వస్తుందని తెలిసింది అనుకోకుండా. కైరోలో ఆర్థర్ లూస్ అనే పరిశోధకుడి చేతి మీద లార్వాలున్న నీళ్ళు ఒలికాయి. అక్కడ మంట, దురద పుట్టాయి. కొన్ని వారాలకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. 1898లో ఆ సంగతి ప్రకటిస్తే మొదట చాలామంది నమ్మలేదు. 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ అనే కోటీశ్వరుడి డబ్బుతో పెద్ద ఉద్యమమే నడిచింది. అక్కడి పత్తి రైతులను సోమరులని వెక్కిరించేవారు. వాళ్ళ ఒంట్లో రక్తం లేదని ఆ పరీక్షల్లో తేలింది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మన ఊళ్ళల్లో "వాడికి పని దొంగబుద్ధి" అనిపించుకునే కూలీలు గుర్తొస్తారు. ఎంతమందికి హెచ్‌బీ చూశాం?

ఆశా అక్క చెప్పిన మాత్రలోని ఫోలిక్ యాసిడ్ వెనక మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఉండగా 1940ల్లో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. బోదకాలు పురుగుకు వాడే డీఈసీ కూడా ఆ బృందం కృషే. ఇంకో సంగతి, నారికురుపు అనే ఇంకో పురుగు జబ్బును మన దేశం మందూ టీకా లేకుండానే నీళ్ళు వడకట్టి, దిగుడు బావులు మార్చి వదిలించుకుంది. 2000లో ఆ జబ్బు లేని దేశంగా గుర్తింపు వచ్చింది.


ఆనందపురం_అబ్బాయి
బుధవారం, రాత్రి 8:45

అందరికీ అప్‌డేట్. నాన్నను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రక్తం ఒక యూనిట్ మెల్లగా ఎక్కించారు, ఆయాసం తగ్గింది. అల్బెండజోల్ ఇచ్చారు, ఐరన్ మొదలుపెట్టారు. ఎండోస్కోపీలో కడుపులో చిన్న పుండు కూడా ఉందని తేలింది, దానికి వేరే మందు, నొప్పి మాత్రలు పూర్తిగా మానేయమన్నారు. పెద్దపేగు పరీక్ష వచ్చే వారం. అమ్మకు హెచ్‌బీ 9.1, ఆవిడ మలంలో కూడా గుడ్లు ఉన్నాయి. నాకు, చెల్లికి లేవు, మేము పొలంలోకి దిగడం తక్కువ.

ఐరన్ ఎన్నాళ్ళు వాడాలి సార్? ఇప్పటికే మలం నల్లగా వస్తోందని నాన్న భయపడుతున్నారు.


కొండకింద_డాక్టర్
బుధవారం, రాత్రి 9:30

మంచి కబురు. ఐరన్ మాత్రతో మలం నల్లబడటం మామూలే, భయం లేదని చెప్పండి. అయితే పుండు కూడా ఉంది కాబట్టి మలం జిగటగా తారులా, చెడు వాసనతో వస్తే మాత్రం అది వేరు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మూడు నాలుగు వారాల్లో హెచ్‌బీ ఒకటి, రెండు గ్రాములు పెరగాలి. పెరగకపోతే మాత్ర వేసుకోవడం లేదనో, రక్తం ఇంకా పోతోందనో అర్థం. మగవాళ్ళకు 13, ఆడవాళ్ళకు 12 దాటాలి. అది దాటాక కూడా నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు వాడాలి. చాలామంది కాస్త ఓపిక రాగానే ఆపేస్తారు.


జీడితోట
గురువారం, ఉదయం 5:50

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మందు వేశాక మళ్ళీ మట్టిలోకి దిగాలి కదా. ఒకసారి వచ్చింది కాబట్టి మళ్ళీ రాదనేమీ లేదు. చెప్పులు వేసుకోండి అని చెప్పడం సులువు. ఉభాల (నాట్ల) సమయంలో వరి మడిలోకి దిగితే చెప్పు బురదలో ఉండిపోతుంది, కాలు మాత్రం పైకొస్తుంది. గంబూట్లు ఎండలో ఉడికిస్తాయి, లోపల చెమట పట్టి కాలు ఒరుస్తుంది. ఆడకూలీల సైజులు షాపుల్లో దొరకవు. కూలీకి ఆ ఖర్చు ఎవరు పెడతారు? నేను నా తోటలో మా కూలీలకు పాదం అంతా మూసే ప్లాస్టిక్ బూట్లు కొనిచ్చాను. మొదట ఎవరూ వేసుకోలేదు. జీడిగింజలు ఏరే రోజుల్లో ముళ్ళు గుచ్చుకోవడం లేదని తెలిశాక వాళ్ళే అడుగుతున్నారు.


వ్యవసాయం_చదువు
గురువారం, ఉదయం 8:10

జీడితోట అన్నా, ఒక తేడా గమనించాలి. నిండా నీళ్ళు నిలిచిన మడి కంటే గట్టు, నారుమడి అంచు, కూరగాయల సాళ్ళు, తోట నీడ ఎక్కువ ప్రమాదం. లార్వాకు గాలి ఆడే తడి నేల కావాలి. నీళ్ళలో మునిగితే ఎక్కువ కాలం నిలవదు, మండుటెండలో పొడి నేలలోనూ చచ్చిపోతుంది. బంకమట్టి కంటే ఇసక కలిసిన గరప నేలలో అది తేలిగ్గా కదులుతుంది. భీమిలి, ఆనందపురం వైపు కూరగాయలు, సరుగుడు వేసే చాలా నేలలు అలాంటివే. అంటే బూట్లు వేసుకోలేని వరి మడి గురించి వాదించే ముందు, వేసుకోగలిగిన చోట్ల వేసుకుంటే చాలా మేలు. కలుపు తీసేటప్పుడు చేతులకు గ్లోవ్స్ కూడా. పని అయ్యాక కాళ్ళు కడుక్కోవడం మంచిదే గానీ అది బూట్లకు బదులు కాదు, లార్వా కొన్ని నిమిషాల్లోనే దూరిపోగలదు.

పశువుల గెత్తం (పేడ ఎరువు) వల్ల ఈ పురుగు వస్తుందని కొందరు భయపడి వేయడం మానేస్తున్నారు. వద్దు. ఇవి మనిషి పురుగులు, మనిషి మలం నుంచే వస్తాయి.


గట్టుమీద_నడక
గురువారం, రాత్రి 7:25

ఆ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా ఊరు సిటీ పొలిమేరలో ఉంది. అపార్ట్‌మెంట్ల సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ట్యాంకర్లు రాత్రిపూట వచ్చి మా చెరువు గర్భంలో, బీడు పొలాల్లో వదిలేసి పోతున్నాయి. కొందరు రైతులైతే ఎరువు ఖర్చు కలిసొస్తుందని వాళ్ళే పిలిపించుకుంటున్నారు. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉంది. ఆరుబయటికి వెళ్ళేవాళ్ళు తగ్గారు. మరి ఈ ట్యాంకర్ నీళ్ళు?


వ్యవసాయం_చదువు
గురువారం, రాత్రి 8:40

అదే మరుగుదొడ్లు కట్టుకున్న ఫలితాన్ని మింగేసే పని. శుద్ధి చేయని మురుగు మడ్డి పొలంలో వేస్తే కొంకి పురుగు, ఏలిక పాముల గుడ్లు, టైఫాయిడ్ క్రిములు అన్నీ నేరుగా మట్టిలోకి వస్తాయి. ఆ ట్యాంకర్ సరుకు శుద్ధి కేంద్రానికే వెళ్ళాలి. ట్యాంకర్ నంబరు, సమయం ఫొటో తీసి పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధి నుంచి వచ్చిన బండి అయితే అక్కడి ప్రజారోగ్య విభాగానికి కూడా పంపండి.

ఇంట్లో రెండు గుంతల మరుగుదొడ్డి ఉన్నవాళ్ళు ఒక గుంత నిండాక మూసేసి ఏడాదికి పైగా అలాగే వదిలేయాలి. తర్వాత తీసినది పొడి మట్టిలా ఉంటుంది, అప్పుడు వాడుకోవచ్చు. పచ్చిగా తీయకూడదు.


ఆశా_పెందుర్తి
గురువారం, రాత్రి 9:05

మరుగుదొడ్డి ఇంటి దగ్గర ఉంటుంది, పని పొలం దగ్గర. అదీ సమస్యే. ఆడకూలీలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలోనే. గట్టు పక్కన పొదలు తప్ప ఏముంది? పది మంది రైతులు కలిసి పొలాల మధ్య ఒక మరుగుదొడ్డి కట్టుకుంటే బాగుంటుందని మా గ్రామసభలో చెప్పాను. ఇద్దరు స్థలం ఇస్తామన్నారు. అప్పటిదాకా గునపంతో లోతుగా గొయ్యి తీసి కప్పేయమని చెబుతున్నాను.


పూలబుట్ట
శుక్రవారం, మధ్యాహ్నం 12:15

అమ్మా, డాక్టరు గారూ, నేను బంతి తోటల్లో పూలు కోసే పనికి వెళ్తాను. ఇప్పుడు మూడో నెల. నాకూ కాళ్ళు దురదలు వచ్చాయి. ఇక్కడ చదివాక భయమేసి పరీక్షకు వెళ్ళాను, హెచ్‌బీ 9.4. మా ఆయన మందుల షాపులో పురుగుల మాత్ర తెచ్చి పెట్టారు. వేసుకోవచ్చా?


కొండకింద_డాక్టర్
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

వేసుకోవద్దమ్మా. మొదటి మూడు నెలల్లో అల్బెండజోల్ వాడకూడదు. ఆ మాత్ర పక్కన పెట్టేయండి. మూడు నెలలు నిండాక మీ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చూపించుకుంటే ఒక డోసు వాళ్ళే ఇస్తారు. గర్భిణికి 11 ఉండాలి, మీది 9.4 కాబట్టి రోజుకు ఎన్ని ఐరన్ మాత్రలు వేసుకోవాలో అక్కడే అడగండి, సొంతంగా పెంచుకోవద్దు. పనికి వెళ్ళక తప్పకపోతే పాదం మూసే బూట్లు, చేతులకు గ్లోవ్స్ ఈరోజు నుంచే మొదలుపెట్టండి. మీ ఆయన కూడా అదే తోటలో పనిచేస్తుంటే ఆయన్ను కూడా పరీక్ష చేయించుకోమనండి.


పరీక్షనాళిక
శుక్రవారం, మధ్యాహ్నం 1:05

చెల్లీ, మల పరీక్షకు ఇచ్చేటప్పుడు శుభ్రమైన పొడి డబ్బాలో, మూత్రం కలవకుండా, ఆ పొద్దున తీసినదే గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి. కొంకి పురుగు గుడ్లు వేడికి తొందరగా మారిపోతాయి, రాత్రిది తెస్తే సరిగ్గా కనిపించవు. ఫారం మీద "పొలం పని, గర్భిణి" అని రాయించండి. అలా రాస్తే చూసేవాళ్ళు ఇంకో స్లైడు అదనంగా చూస్తారు.